జాజుకు గాజు పేరెందుకు?

తోట్లవల్లూరు నుంచి వుయ్యూరు వెళ్ళే దారిలో, ఒక టీ బడ్డీ దగ్గర ఆమధ్య ఒకాయన ఫోను తీసి నాకో ఫొటో చూపించాడు. అరచెయ్యంత ఎర్ర పెంకు. పసుపు చేలో దుక్కికి లేచిందట. శుభ్రంగా కడిగి, కొబ్బరినూనె రాసి, ఎండలో పెట్టి తీశాడు. "చూడండి గురువుగారూ, ఎట్లా మెరుస్తోందో! రెడ్ గ్లేజు. శాతవాహనులనాటిది. దీనికి లక్షల్లో బేరం ఉందంట" అన్నాడు.

"మెరిసేది కొబ్బరినూనె కదండీ" అన్నాను.

ఆయనకు కోపం వచ్చింది. అయినా టీ డబ్బులు ఆయనే ఇచ్చాడు. నాకు బాకీ మిగిలింది. ఆ బాకీ తీర్చుకోవడానికే ఈ నాలుగు మాటలు.

ఆయన ఒక్కడి మాటే అయితే ఇంత రాయనక్కర్లేదు. మన కృష్ణా దిగువ ఊళ్ళలో ఈ ఎర్ర పాత్రల పిచ్చి చాపకింద నీరులా పాకుతోంది. రైస్ పుల్లింగ్ చెంబు, రెండు తలల పాము, ఇరవై గోళ్ళ తాబేలు, గబ్బిలాల గూళ్ళలో రెడ్ మెర్క్యురీ, వీటన్నిటి సరసన ఇప్పుడు ఎర్ర జాడీ కూడా చేరేటట్టుంది. ఆ చెంబునూ తాబేలునూ నమ్మినవాళ్ళను ఊళ్ళో నలుగురూ ఎగతాళి చేశారు. ఎర్ర పాత్రను నమ్మినవాళ్ళకు మాత్రం చరిత్ర అభిమానులన్న మర్యాద దక్కుతోంది. అందుకే దీన్ని కొంచెం పట్టించుకుని ఖండించాలి.

ముందు అవతలివారి వాదం వాళ్ళకు అన్యాయం జరగకుండా చెబుతాను. ఒకటి: మన దిబ్బల్లో, చేలల్లో దొరికే ఎర్రని మెరుపు పెంకులు గ్లేజు వేసినవి, ఆ ఎర్ర గ్లేజు రహస్యం మన కుమ్మరులకు తెలుసు, తర్వాత పోయింది. రెండు: పాత లోగిళ్ళలో ఉన్న ఎర్ర జాడీలు, పూలకూజాలు చైనా రాజుల కాలంనాటివి; ఎంత ఎర్రగా ఉంటే అంత పాతవి, అంత ఖరీదు. మూడు: పూతలో సన్నని పగుళ్ళు, అడుగున ముద్ర ఉంటే వయసుకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. నాలుగు: ఎవరి చేలో దొరికింది వాళ్ళది, ఏరి దాచుకోవడం వారసత్వాన్ని కాపాడటమే.

ఈ నాలుగింటిలో మొదటి మూడు తప్పులు. నాలుగోది తప్పుతో ఆగదు, నేరం దాకా పోతుంది.

మొదటి మాట చూద్దాం. గ్లేజు అంటే గాజు. ఇసుకలో ఉండే సిలికాకు దాన్ని కరిగించే పదార్థం కలిపి పాత్రకు పూసి కాలిస్తే, అది కరిగి, చల్లారి, పాత్రను అంటుకుని ఒక పల్చని గాజుపొర అవుతుంది. దాని మీద నీళ్ళు పోస్తే జారిపోతాయి. మన ఎర్ర పెంకుల మీద ఉండే జాజు సంగతి వేరు. అది ఎర్రమన్ను. అందులో ఉన్నది ఇనుము. తుప్పుకు ఏ రంగో దానికీ అదే రంగు. మన అమ్మమ్మలు అరుగుల అంచులకు పూసి ముగ్గు పెట్టింది దాన్నే. కుమ్మరి ఆ మన్నును నీళ్ళలో కలిపి, గరుకంతా అడుక్కి దిగాక పైతేట తీసి, పచ్చికుండ మీద పూస్తాడు. కుండ సగం ఆరి ఉండగా నున్నటి గులకరాయితో ఓపిగ్గా రుద్దుతాడు. ఆ రాపిడికి మట్టిలోని రేకుల్లాంటి కణాలన్నీ ఒకే వాలుకు పడుకుంటాయి. వెలుతురు పడితే అద్దంలా తిప్పికొడతాయి. మెరుపు వచ్చింది ఆ చేతి వల్ల. అందులో గాజు లేదు.

నమ్మకం లేకపోతే పెంకు విరిగిన అంచు చూడండి. గాజుపూత అయితే ఒంటి మట్టికీ పూతకూ మధ్య గీత గీసినట్టు తేడా కనిపిస్తుంది. భూతద్దం పెడితే పూతలో సన్నని బుడగలు కూడా కనపడవచ్చు. జాజుపూత అయితే మట్టి మీద మట్టే. పైభాగం మీద ఒక నీటిచుక్క వేయండి. కాసేపటికి మట్టి దాన్ని తాగేస్తే అది గాజు కాదు. కొబ్బరినూనె రాయక ముందు చూడాలి సుమా.

ఇక పొయ్యి సంగతి. మన కుమ్మరి వాములో వేసేది గడ్డి, పిడకలు, తాటాకు, కంప. అలాంటి వాములో వేడి మామూలుగా 700 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. కుండ గట్టిపడటానికి అది చాలు. మట్టిలోని ఇనుముకు గాలి బాగా తగిలితే కుండ ఎర్రన, పొగబెట్టి గాలి ఆపితే నల్లన. ఒకే కుండ లోపల నలుపు, బయట ఎరుపు ఉండేలా కాల్చడం మన పెద్దరాళ్ళ సమాధుల కాలంనుంచీ దక్షిణాదికి తెలిసిన విద్య. కానీ పేరుపడ్డ ఎర్ర గ్లేజు రాగితో వస్తుంది. దానికి వేడి 1,250 డిగ్రీలు దాటాలి. పొయ్యిలో గాలి సరిగ్గా కొలిచినట్టు తగ్గాలి. గాలి ఎక్కువైతే అదే రాగి ఆకుపచ్చ అవుతుంది, అదుపు తప్పితే మాసిపోయిన కాలేయం రంగుకు దిగుతుంది. సీసం కలిపితే పూత తక్కువ వేడికే కరుగుతుంది కదా అనవచ్చు. కరుగుతుంది. అయితే ఆ సీసపు పూతలో రాగి పచ్చగా, ఇనుము తేనెరంగుగా తేలుతాయి. ఎటు తిరిగినా మన వాములోనుంచి ఎర్ర గాజు బయటికి రాదు.

"అయితే మనవాళ్ళకు చేతకాదంటారా?" అని మీసం మెలేసేవారు ఉంటారు. చేతకాకపోవడం ఏమిటి? అక్కరలేదు. వేసవిలో కూజాలో నీళ్ళు చల్లబడేది దాని ఒంటినిండా సన్నని రంధ్రాలు ఉండబట్టి. నీరు చెమర్చి ఆవిరైపోతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. ఆ కూజాకు గాజుపూత వేయండి, రోహిణీకార్తెలో వేడినీళ్ళు తాగండి. నీళ్ళకు మట్టి, ఊరగాయకు జాడీ. ఏ పనికి ఏది కావాలో మన ఇళ్ళలో ఆడవాళ్ళకు తెలుసు. గాజు ఉంటేనే గొప్ప అన్న కొలబద్ద మనది కాదు.

ఆ కొలబద్ద ఎంత మోసం చేస్తుందో ఒక పెద్దాయన అనుభవం చెబుతుంది. 1945లో మార్టిమర్ వీలర్ పుదుచ్చేరి దగ్గర అరికమేడులో తవ్వాడు. అక్కడ ఇటలీలో తయారైన ఎర్రని భోజనపాత్రల పెంకులు దొరికాయి. అరెటైన్ పాత్రలంటారు. రోమనులు ముచ్చటపడి కొన్న సామాను అది. వాటి మెరుపు చూస్తే గాజే అనుకుంటాం. కానీ అదీ తేటతీసిన సన్నమట్టి పూతే; మన జాజుకు దూరపు చుట్టమే. వాళ్ళ పొయ్యి వేడి ఎక్కువ, మట్టి రకం వేరు, అంతే. అక్కడే, లోపలి అడుగున చుక్కల వలయాలు చెక్కిన సొగసైన పళ్ళేలు కూడా దొరికాయి. ఇంత నాజూకు పని మధ్యధరా సముద్రం అవతలిదే అయి ఉంటుందని వీలర్ అనుకున్నాడు. తర్వాత విమలా బెగ్లే వంటివారు ఆ లెక్క సరిచేశారు. మట్టిని పరీక్ష చేస్తే అవి ఈ దేశపు పాత్రలేనని, గంగానది దిగువ బెంగాలు మట్టికి దగ్గరివని తేలింది. అమరావతిలో, శాలిహుండంలో ఆ పళ్ళేల ముక్కలు బయటపడ్డాయి. బాగుంటే బయటిదే అనుకోవడం ఆనాటి పొరపాటు. మెరిస్తే గాజే అనుకోవడం ఈనాటిది. రెండూ మన కుమ్మరి చేతిని తక్కువ చేసేవే.

రెండో మాటకు వద్దాం. పాత లోగిళ్ళ ఎర్ర జాడీలు. వల్లూరు జమీందారీ నడిచిన ఊరు మాది. బందరు రేవు పక్కనే. డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు, తర్వాత ఫ్రెంచివాళ్ళు వచ్చి కోటలు, కొట్లు పెట్టుకున్న రేవు అది. ఏదో ఒక దారిన విదేశీ పింగాణీ ఇక్కడి లోగిళ్ళలోకి వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. అంతవరకూ ఒప్పుకుంటాను. అయితే వాళ్ళు చూపించే జాడీల్లో నేను చూసినవన్నీ గోధుమరంగువి, చింతపండు రంగువి. ఎండలో పెట్టి ఫొటో తీస్తే ఎర్రగా కనబడతాయి. ఆ రంగూ ఇనుముదే. బర్మాలోని మార్తబాన్ రేవు పేరుమీద ప్రపంచమంతా తిరిగిన పెద్ద జాడీలు ఈ జాతివే. 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా తన ప్రయాణాల్లో మార్తబాన్ జాడీల్లో అల్లం, మిరియాలు, నిమ్మకాయలు, మామిడికాయలు ఉప్పులో ఊరవేసి ఓడ ప్రయాణానికి ఇచ్చారని రాసుకున్నాడు. మామిడికాయ ఊరగాయకు జాడీ అన్నది ఎంత పాత సంగతో చూడండి. ఆ జాడీకి ఆ గౌరవం చాలు. దాన్ని చైనా చక్రవర్తి పూజాపాత్ర చేయాల్సిన అవసరం ఏముంది?

చక్రవర్తి పాత్ర ఎలా ఉంటుందో కూడా చెప్పుకుందాం. చైనాలో జింగ్‌దెజెన్ కొలుముల్లో రాగి ఎరుపు పూతను మింగ్ చక్రవర్తుల్లో యుంగ్లె (1403–1424), షువాండె (1426–1435) కాలాల్లో అందంగా సాధించారు. ఆ తర్వాత ఆ పట్టు జారిపోయింది. 16వ శతాబ్దంలో సాక్షాత్తూ రాచకొలుములే రాగి ఎరుపు మా వల్ల కావడం లేదని, బదులుగా ఇనుముతో వేసే ఎర్రరంగుతో సరిపెట్టుకున్నాయి. మళ్ళీ కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో, 18వ శతాబ్దం మొదట్లో జియాంగ్‌షీ గవర్నరుగా ఉన్న లాంగ్ తింగ్‌జీ హయాంలో ఆ ఎరుపు తిరిగి వచ్చింది. ఆ పూతకు ఆయన ఇంటిపేరే నిలిచింది. ఫ్రెంచివాళ్ళు దాన్ని ఎద్దునెత్తురు ఎరుపు అన్నారు. ఆ పాత్రలకు ఒక గుర్తు ఉంటుంది: కరిగిన పూత కిందికి జారడంవల్ల మూతి అంచు తెల్లగా తేలుతుంది, ఎరుపు కిందికి పోయేకొద్దీ చిక్కబడి పాదం దగ్గర ఆగిపోతుంది. రాజులకే అంత కష్టంగా దక్కిన సామాను మన వంటింటి అటక మీద ఆవకాయతో కూర్చుని ఉంటుందా? నెల్లూరు వైపు తీరాన కొత్తపట్నంలో నొబోరు కరషిమా బృందం ఏరిన చైనా పింగాణీ ముక్కలు ఎన్నో ఉన్నాయి. సముద్రం మీద సరుకుగా వచ్చింది ఎక్కువగా పచ్చపూతది, తెల్లది, నీలిరాతది. ఎర్రది అరుదుకే అరుదు.

ఇక ఎంత ఎరుపైతే అంత పాత అన్న సూత్రం. ఇది తలకిందులు సూత్రం. రాగి ఎరుపు మొండిది. కొంచెం మాసినట్టు, నీడలు పడ్డట్టు ఉంటుంది. ఎక్కడా తేడా లేకుండా పండుమిరపకాయలా భగ్గుమనే ఎరుపు పాత్రకు వచ్చింది కాడ్మియం, సెలీనియం కలిపిన రంగుల వల్ల. అవి 20వ శతాబ్దపువి. అమెరికాలో 1936లో వచ్చిన ఫియెస్టా అనే భోజనపాత్రల నారింజ ఎరుపుకు యురేనియం వాడారు. యుద్ధంలో ప్రభుత్వానికి యురేనియం అవసరమై 1943లో ఆ రంగు ఆపేశారు, 1959లో మళ్ళీ మొదలుపెట్టి 1972 దాకా చేశారు. ఈ ముక్క రాసినందుకు రేపు ఎవరో ఒకరు మన ఊళ్ళో 'యురేనియం ప్లేటు' బేరానికి పెడతారేమోనని నాకు భయంగానే ఉంది. ఎంత భగభగలాడే ఎరుపైతే అంత కొత్తదని ముందు అనుమానించండి. ఆ అనుమానం మీ జేబును కాపాడుతుంది.

జాజునూ గాజునూ నిజంగా కలిపినవాళ్ళు ఒకరున్నారు. టర్కీలో ఇజ్నిక్ కుమ్మరులు. 1557లో పూర్తయిన ఇస్తాంబుల్ సులైమానియే మసీదు గోడ పలకల మీద ఒక చిక్కటి ఎరుపు మొదలైంది. ఇనుము ఉన్న ఎర్రమన్నును దట్టంగా పెట్టి, పైన నీళ్ళలాంటి తేట గాజుపూత పోశారు. కింద జాజు, పైన గాజు. వేలితో తడిమితే ఆ ఎరుపు ఉబ్బెత్తుగా తగులుతుంది. అంత పేరున్న ఎరుపు కూడా ఆఖరికి మట్టిదే.

మూడో మాట, పగుళ్ళూ ముద్రలూ. పూతలో వల అల్లినట్టు పగుళ్ళు వచ్చేది వయసు వల్లనేనని అనుకుంటారు. పాత్ర మట్టి ఒక తీరుగా, గాజుపూత మరో తీరుగా ముడుచుకుంటే కొలిమిలోంచి తీసిన రోజే పగుళ్ళు పడతాయి. కావాలని అలా చేసే కుమ్మరులు వందల ఏళ్ళుగా ఉన్నారు. ఆ పగుళ్ళలోకి టీ నీళ్ళు పట్టిస్తే వారంలో వందేళ్ళ ముసలిది తయారు. ఇక ముద్రలు. చైనా కుమ్మరులు తమ ముందటి చక్రవర్తుల పేర్లను గౌరవంతో తమ పాత్రల మీద వేశారు; కాంగ్‌షీ కాలపు పాత్ర మీద అంతకు రెండువందల ఏళ్ళకు పైగా ముందటి షువాండె పేరు ఉండటం మామూలే. గౌరవంతో మొదలైంది తర్వాత మోసానికీ పనికొచ్చింది.

ముద్ర పనికిరాదని కాదు. ముద్ర వయసు పెంచడానికి కాకుండా తగ్గించడానికే ఎక్కువగా ఉపయోగపడుతుంది. అమెరికా 1890లో ఒక సుంకం చట్టం చేసి, దిగుమతి సరుకు మీద ఏ దేశానిదో రాయాలంది; 1891 నుంచి అది అమలైంది. కాబట్టి అడుగున ఇంగ్లీషులో దేశం పేరు కనబడితే ఆ పాత్ర సాధారణంగా ఆ తర్వాతిదే. 'మేడిన్' అని కూడా ఉంటే ఎక్కువగా 20వ శతాబ్దానిది. 'ఆక్రమిత జపాన్' అని ఉంటే 1945కూ 1952కూ మధ్యది. ఇంగ్లండులో డౌల్టన్ కంపెనీకి 'రాయల్' అనే మాట వాడుకునే హక్కు వచ్చింది 1901లో; వాళ్ళు చైనా ఎరుపును అనుకరించిన పాత్రలను లోకానికి చూపింది 1904లో సెయింట్ లూయిస్ ప్రదర్శనలో. అందుచేత 'రాయల్ డౌల్టన్' అని ఉన్న ఎర్ర పూలకూజా చూపించి ఈస్టిండియా కంపెనీ పాలననాటిదంటే నవ్వి ఊరుకోండి. మీ లోగిలిలో నిజంగా ఎర్ర గ్లేజు పూలకూజా ఉంటే అది చాలావరకు 19వ శతాబ్దం చివరిదో 20వ శతాబ్దానిదో అయి ఉంటుంది. అదీ అందమైనదే. దాచుకోండి.

దాచుకోండి గానీ అందులో పచ్చడి పెట్టకండి. పాత అలంకార పాత్రల పూతల్లో సీసం ఉండవచ్చు, ఎర్రవాటిలో కాడ్మియం ఉండవచ్చు. చింతపండు, నిమ్మ, మామిడి పులుపుకు అవి కొంచెం కొంచెంగా ఊరి తిండిలోకి దిగుతాయి. పూలకూజాలో పూలే పెట్టాలి.

ఇప్పుడు నాలుగో మాట. ఎవరి చేలో దొరికింది వాళ్ళది. ఇక్కడే నాకు నిజంగా బాధ.

తోట్లవల్లూరు నుంచి కృష్ణ ఒడ్డున కిందికి దిగితే శ్రీకాకుళం, అక్కడికి దగ్గర్లోనే ఘంటసాల. 2వ శతాబ్దంలో టాలెమీ చెప్పిన కంటకోసిల అదేనంటారు. నాగార్జునకొండ శాసనంలో కంటకసేల పేరు ఉంది. ఘంటసాల, గుడివాడ, నది అవతల భట్టిప్రోలు, ఈ మూడింటి బౌద్ధ దిబ్బల గురించి అలెగ్జాండర్ రీ 1894లో పుస్తకం వేశాడు. భట్టిప్రోలు స్తూపంలో ధాతువులు దాచిన భరిణెలు, వాటితోపాటు బ్రాహ్మీ రాతలు 1892లో దొరికాయి. ఆ భరిణెల సంగతి తెలిసింది వాటి మీది అక్షరాల వల్ల మాత్రమే కాదు. ఏ భరిణె ఏ రాతి పెట్టెలో, ఎంత లోతులో ఉందో రాసిపెట్టుకోవడం వల్ల. అదే భట్టిప్రోలులో అంతకు ముందే స్తూపపు ఇటుకలను, రాళ్ళను రోడ్లకూ కాలువ కట్టడాలకూ తోలుకుపోయారు. వాటిలో ఏమేముందో ఇక ఎవరికీ తెలియదు. గుడివాడ దిబ్బకూ ఆ గండమే పట్టింది.

మన చేలల్లో పెంకులు ఎలా వచ్చాయో పెద్దలను అడగండి. పాటిదిబ్బల మన్ను ఎరువుకు మంచిదని బళ్ళకెత్తి చేలకు తోలేవారు. పాత ఊరు పడిపోయిన చోట బూడిద, ఎముకలు, పశువుల పేడ తరాల తరబడి కలిసిన మన్ను అది. దానితోపాటే పెంకులూ వచ్చాయి. అంటే పసుపు చేలో దొరికిన ఎర్ర పెంకు ఆ చేనిది కూడా కాకపోవచ్చు. ఏ ఊరి పాటిమన్నులోదో. అది తన చిరునామా పోగొట్టుకున్న ఉత్తరం. అందులో ఉన్న విషయమేదో ఉంది, ఎవరి నుంచి ఎవరికో తెలియదు. అదే పెంకు దిబ్బలో, తన పొరలో, తన పక్కనున్న నాణెంతో, బూడిదతో, ఎముకతో కలిసి దొరికి ఉంటే ఆ ఊళ్ళో ఎవరు, ఎప్పుడు, ఏం తిన్నారో చెప్పేది. దాని విలువంతా అది ఉన్న చోటులోనే ఉంది. ఎత్తిన క్షణంలో ఆ విలువ పోతుంది, చేతిలో ఎరుపు మిగులుతుంది.

దిబ్బ పూర్తిగా పోయినచోట చేలో లేచిన పెంకు ఎత్తి చూసినందుకు ఎవరినీ తప్పుపట్టను. నేనూ ఎత్తి చూశాను. నా ఖండన బేరం పెట్టేవాళ్ళ మీద, ఆ బేరం కోసం మిగిలిన దిబ్బల్లో గడ్డపార దించేవాళ్ళ మీద. చట్టం ఏమంటుందో వాళ్ళకు తెలియాలి. 1878 నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, నేలలో దాగి దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. దాచితే జైలు శిక్ష కూడా పడవచ్చు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన వస్తువుల వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. మట్టిబొమ్మల వంటి కొన్ని రకాలను నమోదు కూడా చేయించాలి.

ఇక్కడ మన ఫోను చరిత్రకారులకు ఒక చిక్కు ప్రశ్న. పెంకు లక్షలు చేస్తుందంటారు కదా? అయితే పది రూపాయలు దాటింది, కలెక్టరుకు చెప్పారా? చెప్పలేదంటే నేరం. పది రూపాయలు కూడా చేయదు కాబట్టి చెప్పలేదంటారా? అయితే లక్షల మాట అబద్ధం. రెండింటిలో ఏదో ఒకటి ఒప్పుకుని తీరాలి.

"మేం ఏరకపోతే మట్టిలో కలిసిపోతుంది" అంటారు. మట్టి పాత్ర మట్టిలో పాడవదు. రెండువేల ఏళ్ళు అది భద్రంగా ఉన్నది మట్టిలోనే. దాన్ని పాడుచేసేది పొక్లెయినూ, గడ్డపారా, కొబ్బరినూనే. కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అని మన సామెత. దిబ్బకు రెండువేల ఏళ్ళు, మన ఆశకు ఒక పూట.

సేకరణ అన్నదే తప్పు అనడం నా ఉద్దేశం కాదు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ జీవితమంతా కొన్నవి కొన్నవిగా పోగేస్తే, ఆయన పోయాక 1951లో అది హైదరాబాదులో మ్యూజియం అయింది. చైనా, జపాన్, యూరప్ పింగాణీ అక్కడ గదుల నిండా ఉంది. ఎరుపు చూసి మోసపోయేవాళ్ళు ముందు అక్కడికి వెళ్ళి నాలుగు గంటలు నిలబడి కళ్ళకు శిక్షణ ఇచ్చుకోవాలి. అంతదూరం పోలేకపోతే బెజవాడలో, ఒకప్పటి విక్టోరియా జూబిలీ మ్యూజియం, ఇప్పటి బాపు మ్యూజియం ఉంది. అమరావతి ఉంది. ఘంటసాలలోనే మ్యూజియం ఉంది. టిక్కెట్టు ఖర్చు మోసగాడికి ఇచ్చే బయానా కన్నా తక్కువే.

టీ బడ్డీ దగ్గరి అన్నగారికి నా మాట ఇది. ఆ పెంకు గాజు కాదు, జాజు. నూనె కడిగేసి మళ్ళీ చూడండి. దాని మీద ఒక మనిషి గులకరాయితో రుద్దిన గీతలు సన్నగా, పక్కపక్కనే కనబడతాయి. ఆ గీతలు లక్షలు చేయవు గానీ ఆ చెయ్యి మనదే. మళ్ళీ దుక్కిలో ఒకేచోట గుట్టగా పెంకులు గానీ, పెద్ద ఇటుకల వరస గానీ తగిలితే అరక ఆపి, తహశీల్దారు కచేరీలో ఒక మాట చెప్పండి.

ఇక చదివేవారికి ఒక చిన్న పని. మీ ఇంట్లో అటక మీద ఉన్న జాడీ దింపండి. అమ్మనో నాయనమ్మనో అడిగి, అది ఎవరు కొన్నారు, ఏ ఊళ్ళో, ఏ సంవత్సరం, అందులో ఏం పెట్టేవారు, ఒక కాగితం మీద రాసి జాడీ లోపల పడేయండి. చేలో పెంకు పోగొట్టుకున్న చిరునామా మీ జాడీకి ఇంకా ఉంది. చెప్పగలిగినవాళ్ళు ఉన్నప్పుడే రాసిపెట్టండి.